ఇసుక దొందుల పాయ

కడియంలో మా నర్సరీకి వచ్చేవాళ్ళు గులాబీలో, మామిడి అంట్లో అడుగుతారు. మామ్మ మాత్రం వట్టివేరు అడిగింది. నా చిన్నప్పటినుంచీ మా ఇంటికి చేపలు తెచ్చే మనిషి ఆవిడ. నాన్న పోయి నర్సరీ నా చేతికొచ్చినా, నన్నింకా ‘అమ్మాయిగారూ’ అనే పిలుస్తుంది. ఆ రోజు తట్ట దించి, మంచినీళ్ళు తాగి, “మా పాయ ఒడ్డు కరిగిపోతందండి. ఏర్లు లోతుకి దిగే మొక్కలు ఇప్పించండి” అంది.

“ఇల్లు పోతుందని భయమా మామ్మా?”

“ఇల్లు దూరంగానే ఉందండి. పోయేది దొందులండి.”

మాకు పులుసుకి తెచ్చే ఆ వేలెడంత చేపలకీ, ఒడ్డుకీ సంబంధమేమిటో నాకర్థం కాలేదు. మర్నాడు స్కూటీ మీద ఎక్కించుకుని, ధవళేశ్వరం దిగువన ఉన్న వాళ్ళ ఊరు వెళ్ళాను. అక్కడ గోదారి చిన్న పాయ ఒకటి పారుతుంది. ఇటుకలకోసం ఎవరో మట్టి తవ్వుకుపోయిన చోట ఒడ్డు నిలువుగా తెగి ఉంది. వాన పడితే పొలాల నీళ్ళు కూడా ఆ గండిలోంచే పాయలోకి దూకుతాయట. మామ్మ కుచ్చిళ్ళు ఎగదోపి నీళ్ళలోకి దిగి, నన్నూ రమ్మంది. కాలు పెట్టగానే పిక్కదాకా బురదలో దిగబడిపోయాను.

“ఇక్కడంతా ఇసకేనండి ఇదివరకు. రాళ్ళకింద, గుల్లచిప్పల కింద ఇసుక దొందులు గుడ్లు పెట్టేవి. ఈ మట్టి కప్పేసి గుడ్లు ఊపిరాడక చస్తన్నాయండి.” చంటిపిల్లల సంగతి చెబుతున్నట్టే చెప్పింది.

మొక్కల గురించి నాకు తెలియనిదేముందన్న ధీమా నాది. వేసవిలోనే ఒక ఆటో నిండా వట్టివేరు పిలకలు పంపి, ఒడ్డు పైన వరసగా నాటించాను. “కాస్త కిందకి కూడా పెడదామాండి?” అని మామ్మ అడిగితే, “నీళ్ళలో మునిగితే లేతవి కుళ్ళిపోతాయి” అనేశాను. 

శ్రావణంలో ఎర్రనీరు వచ్చి మొత్తం ఊడ్చుకుపోయింది. వారం తర్వాత నర్సరీ గేటు దగ్గర మామ్మ కనబడితే, మొహం ఎలా చూపించాలో తెలియలేదు. ఆవిడే దగ్గరికొచ్చింది.

“ఏర్లు బాగానే దిగాయండి. కిందనించి మట్టే జారిపోయింది. నీరు కోసేది ఒడ్డు పాదం దగ్గర కదండీ.”

అడిగినప్పుడు వినిపించుకోలేదన్న మాట ఆవిడ ఎత్తలేదు. ఎత్తి ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేదేమో.

వరద తీశాక పని ఆవిడ చెప్పినట్టే చేశాం. ఇరిగేషన్ ఆఫీసులో ఇంజనీరు గారిని కలిసి, ఆయన వచ్చి చూసి సరేనన్నాక మొదలుపెట్టాం. మామ్మ వాళ్ళ మగవాళ్ళు ఒడ్డు పాదాన వెదురు గుంజలు దిగ్గొట్టి, వాటికి తడికలు అల్లారు. తడికల వెనక పీచుతో ఉన్న కొబ్బరి డొక్కలు కూరాం. నిలువు ఒడ్డుని ఏటవాలుగా చెక్కి, కిందనుంచి పైదాకా పిలకలు నాటాం. గండికి అడ్డంగా మెట్లు మెట్లుగా డొక్కల కట్టలు వేశాం, పొలాల మట్టి అక్కడే ఆగిపోయేలా. నేనూ మట్టి మోయబోతే మామ్మ నవ్వేసింది. “అలా మోస్తే మెడ పట్టేస్తదండి” అంటూ తన చుట్టకుదురు తీసి నా తలమీద పెట్టింది.

మరుసటి ఏడు వరదొచ్చినప్పుడు రోజుకి రెండుసార్లు ఫోన్ చేసేదాన్ని. “ఉందా మామ్మా?”

“ఉందండి. ఓ మూల తడిక లేచిపోయిందండి. మిగతాదంతా ఉంది. మీరు అన్నం తిన్నారా?”

ఆ మూలని మళ్ళీ అల్లుకున్నాం. కొత్త మట్టి పడడం తగ్గేసరికి, పాత బురదని పాయే కొంచెం కొంచెంగా కడుక్కుంది. కార్తీకంలో మామ్మ ఫోన్ చేసి రమ్మంది. నీళ్ళలోకి దిగితే అరికాళ్ళకి ఇసక గరగరలాడింది. బురద ఇంకా అక్కడక్కడా ఉంది. మామ్మ వంగి ఒక పెద్ద గుల్లచిప్పని మెల్లగా తిప్పి చూపించింది. లోపల అంటుకుని సన్నటి గుడ్లు. పక్కనే వేలెడంత దొందు, మమ్మల్ని చూసి కూడా కదలకుండా కాపలా కాస్తోంది.

“చూశారా దాని పొగరు!” అని మురిసిపోయి, చిప్పని ఎలా ఉండేదో అలాగే పెట్టేసింది.

“పట్టుకోవడానికి వేరే చేపలున్నాయి కదా మామ్మా, దీనికోసం ఇంత కష్టపడ్డావెందుకు?” అని అడిగాను.

“మా అమ్మ నాకు చేత్తో చేప పట్టడం నేర్పింది ఇక్కడేనండి. ఇదే దొందుని” అంది, కొంగుతో చేతులు తుడుచుకుంటూ.

ఆ చలికాలమంతా అక్కడ వల వెయ్యొద్దని సొంత తమ్ముడితోనే పోట్లాడింది. మా ఇంటికీ దొందులు తేలేదు. అడిగితే, “పై ఏడు చూద్దాం లెండి” అంది.

ఈ ఏడు తెచ్చింది. నాలుగే. మా వంటింట్లో కత్తిపీట ముందేసుకుని తనే కోసి, తనే పులుసు పెట్టి, నేను రెండోసారి అన్నం వడ్డించుకునేదాకా కదల్లేదు.