సున్నా దగ్గర ముల్లు

ఆ రోజుల్లో దేనికి భయపడాలో ఇంట్లో పెద్దవాళ్లే చెప్పి పెట్టేవారు. మిట్టమధ్యాహ్నం చింతచెట్టు కిందికి వెళ్లకు, కాలవలో జలగలుంటాయి దిగకు, తడి చేత్తో స్విచ్చి ముట్టుకోకు అని. నా విషయంలో వాళ్లకా శ్రమ తప్పింది. ఎవరూ చెప్పకుండానే అన్నిటికీ భయపడే వరం నాకు పుట్టుకతోనే వచ్చింది. కప్పంటే భయం, కరెంటంటే భయం, ఉరుమంటే భయం. మా గుడివాడ స్టేషన్లో ఇంజను కూత వేస్తే, అంతమందిలో స్తంభంలా బిగుసుకుపోయేవాణ్ణి నేనొక్కణ్ణే. అయితే నా భయానికో విశేషం ఉంది. అది బయటికి కనపడదు. మిగతావాళ్లు కెవ్వుమంటారు, పరిగెడతారు. నేను కొయ్యబారిపోతాను. నోరు పెగలదు, కాలు కదలదు. చూసేవాళ్లు మాత్రం "అబ్బ, ఏం నిబ్బరమయ్యా కుర్రాడిది!" అనుకుంటారు. నాకు ఉద్యోగం ఇప్పించింది ఈ విశేషమే, నన్ను నానా పాట్లూ పెట్టిందీ ఇదే.

డిగ్రీలో జువాలజీ గట్టెక్కిన ఏడాది మా మేనమామ (గుడివాడలో రైస్ మిల్లు ఆయనది) ఇంటికొచ్చి, "చదివి ఉద్ధరించింది చాలు, వచ్చి మిల్లులో కూర్చోరా" అన్నాడు. మిల్లులో గిర్రున తిరిగే బెల్టు చప్పుడొకటి, దాన్ని మించి మావయ్య అరుపొకటి. ఆ రెంటి మధ్యా బతుకు గడపాలంటే నాకు అన్నం సయించలేదు. సరిగ్గా అప్పుడే బందరు కాలేజీలో ఒక మాస్టారికి పరిశోధనలో సహాయకుడు కావాలని తెలిసింది. మర్నాడే బందరు పాసింజరెక్కాను.

కాలేజీ వెనకాల, సైకిల్ స్టాండు పక్కన ఒంటరి గది అది. తలుపు మీద 'నాడీమండల పరిశోధనశాల' అని పెద్దక్షరాలతో బోర్డు. లోపల సీసాల్లో కప్పలు, చెక్కబల్ల, దాని మీద గుండ్రటి అద్దంలో ముల్లున్న ఓ పెట్టె. మనిషి భయపడినప్పుడు నరాల్లో ఏం జరుగుతుందన్నది మాస్టారి పరిశోధన. భయం వేస్తే అరచెయ్యి చెమర్చుతుంది కదా, రెండు వెండిబిళ్లల మీద చెయ్యి పెట్టిస్తే ఆ చెమటని బట్టి ముల్లు కుడివైపుకి జరుగుతుంది. ఎంత జరిగితే అంత భయమన్న మాట. మనిషితో మాట్లాడుతున్నా ఆయన చూపు ముల్లు మీదే ఉండేది కాబట్టి పిల్లలంతా ఆయన్ని ముల్లు మాస్టారనేవారు. ఆ పెట్టె తయారుచేసింది కోనేరు సెంటరులో రేడియోలు బాగుచేసే సాయిబు గారు. పాత రేడియో సామాన్లతో చేశారు కనక, అప్పుడప్పుడూ అందులోంచి విజయవాడ స్టేషను వార్తలు కూడా సన్నగా వినపడేవి.

"పిరికివాడు నాకు పనికిరాడయ్యా" అన్నారు మాస్టారు నన్ను చూడగానే. "పరీక్షకి కూర్చున్నవాడి పక్కన నుంచునేవాడే వణికితే ఇంక కొలతలేం నిలుస్తాయి? కూర్చో, చూద్దాం." కూర్చున్నాను. కరెంటు పెట్టె మీద చెయ్యి పెట్టమనేసరికి నా పైప్రాణాలు పైనే పోయాయి. ముల్లు ఒక్క దూకున కుడివైపు కొసకి వెళ్లి టప్పున కొట్టుకుంది. "ఫర్లేదు, కొత్తలో అందరికీ కాస్తో కూస్తో ఉంటుంది" అంటూ ఆయన పెట్టె పక్కనున్న మర తిప్పి, ముల్లుని తీసుకొచ్చి సున్నా దగ్గర నిలబెట్టారు. అది ఆయన పద్ధతి. ఎవరు కూర్చున్నా ముందు సున్నా పెట్టి, ఆ తర్వాత బెదరగొట్టి, అక్కణ్ణించి ముల్లు ఎంత జరిగిందో చూస్తారు. నా వెనకాల కిరసనాయిలు డబ్బా ఢామ్మని మోగించారు. ముల్లు కదల్లేదు. ఒళ్లో కప్పని వేశారు. కదల్లేదు. ఎలా కదులుతుందండీ? కూర్చున్నప్పుడే ఉన్న భయమంతా పడిపోయాను. ఇంక పడడానికి నాలో చోటేదీ?

మాస్టారి మొహం వెలిగిపోయింది. "శభాష్! ఉక్కు నరాలయ్యా నీవి!" అని భుజం తట్టారు. అది కాదు మాస్టారూ అని చెబుదామనుకున్నాను. నోరు పెగిలేసరికి నన్ను ఉద్యోగంలోకి తీసేసుకున్నారు.

అప్పట్నించీ మొదలయ్యాయి నా పాట్లు. ధైర్యస్థుణ్ణని ముల్లే సాక్ష్యం చెప్పింది కాబట్టి ధైర్యస్థులు చేసే పనులన్నీ నా నెత్తిన పడ్డాయి. కప్పల్ని నీళ్లు మార్చి కడిగేది నేనే, ఊడిన కరెంటు తీగ బిగించేది నేనే. బంటుమిల్లి పొలాల్లోంచి తెప్పించిన నీరుకట్టు పాముకి మూత తీసి గాలి పెట్టేదీ నేనే. (దానికి విషం లేదని మాస్టారికి తెలుసు, నాకూ తెలుసు, నా కాళ్లకి మాత్రం తెలీదు.) కొత్త కుర్రాళ్లు కుర్చీలో బిక్కచచ్చిపోతుంటే మాస్టారు నన్ను చూపించి, "ఈయన్ని చూసి నేర్చుకోండి" అనేవారు. నేను గోడకానుకుని నుంచునేవాణ్ణి. గోడ లేకపోతే పడిపోతానని వాళ్లకేం తెలుసు?

ఒక్క సాయిబు గారికే అనుమానం. ఓ సాయంత్రం మాస్టారు లేనప్పుడు టీ తాగుతూ, "బాబూ, నీ చేతిలో గ్లాసు సాసర్లో కచేరీ చేస్తోంది, ఏంటి సంగతి?" అన్నారు. "చల్లగాలండీ" అన్నాను. అది వైశాఖ మాసం. ఆయన నన్ను పైకీ కిందకీ చూసి, "అంతేలే" అని ఊరుకున్నారు. నిజం బయటపడితే ఉద్యోగం పోతుంది, ఉద్యోగం పోతే మావయ్య మిల్లు. బండి తోలేవాడికి ఎద్దు భయం, ఎద్దుకి కర్ర భయం అన్నట్టుండేది నా బతుకు.

ఉప్పెన వచ్చి వెళ్లిన మరుసటేడు, కార్తీకంలో, మాస్టారు పెట్టె సర్దించారు. దివిసీమ వెళ్లి, ఆ గాలినీ నీళ్లనీ చూసి బతికినవాళ్ల భయాన్ని కొలవాలన్నారు. ఉప్పెన నాడు గుడివాడలో మంచం మీంచి కదల్లేక, ఇంటి పెంకులు ఎగిరిపోతుంటే దేవుళ్లందర్నీ మనసులోనే పేరుపేరునా పిలిచినవాణ్ణి. అలాంటిది సముద్రం పక్కకా! కొయ్యబారిపోయాను. "చూశావా, మొహంలో ఏమన్నా మార్పుందేమో?" అని మాస్టారు సాయిబు గారితో మురిసిపోయారు.

బస్సు దిగి, పాలకాయతిప్ప దారిలో ఓ పల్లెకి నడిచి వెళ్లాం. బ్యాటరీలు సాయిబు గారు మోశారు, పెట్టె నేను మోశాను. కొత్తగా వేసిన తాటాకు పాకలు, వాటి వెనకాల తలలు విరిగిన తాటిచెట్లు. బడి వరండాలో బల్ల వేశారు. ఒక్కొక్కరే వచ్చి మర్యాదగా చెయ్యి పెట్టారు. ముల్లు కుడివైపుకి వెళ్లడం, మాస్టారు సున్నా పెట్టడం, డబ్బా మోగించడం. ఎవరికీ కదల్లేదు. ఒకాయనైతే వెనక్కి తిరిగి, "అయిపోయిందాండీ? వల బాగుచేసుకోవాలి" అన్నాడు. మధ్యాహ్నానికి మాస్టారు కళ్లజోడు తుడుచుకుంటూ, "వీళ్ల నరాలు మొద్దుబారిపోయాయయ్యా. భయమన్నది చచ్చిపోయింది. గాలొచ్చినా పాపం వీళ్లకి చీమ కుట్టినట్టయినా ఉండదు. ఇదే రాసి పంపుతాను" అన్నారు.

అప్పుడొచ్చింది మామ్మ. ఇంటిల్లిపాదిలోనూ ఆవిడొక్కతే మిగిలిందని ఎవరో మెల్లగా చెప్పారు. నడుముకి రెండు చుట్లు కొబ్బరితాడు కట్టుకుని ఉంది. ఆ రోజు తాటిచెట్టుకి కట్టుకుని బతికిందట, అప్పట్నించీ తాడు విప్పదట. ఆవిడ కూర్చుంది, చెయ్యి పెట్టింది, మాస్టారు సున్నా పెట్టారు. ఇంతలో గాలి తిరిగింది. తూర్పుగాలి. పెద్దదేం కాదు, పాకల మీద ఆకులు గలగలమన్నాయంతే. వరండాలో ఉన్నవాళ్లంతా మాటలాపేశారు. నేను వెనక్కి చెయ్యి చాపి గోడ కోసం తడుముకున్నాను. గోడ దూరంగా ఉంది.

మామ్మ ముల్లు వైపు చూడలేదు, నా వైపు చూసింది. ఖాళీగా ఉన్న చేత్తో తన నడుం తాడు కొస తీసి నా మణికట్టుకి ఓ చుట్టు చుట్టింది. "ఏం కాదులే నాయనా. ఉండు, నేనున్నాగా" అంది. ఆవిడ వేళ్లు నా చేతికి తగిలాయి. చెమటతో తడిసి చల్లగా, అచ్చం నా వేళ్లలాగే ఉన్నాయి.

"చూశావటయ్యా!" అన్నారు మాస్టారు. "గాలొచ్చినా ముల్లు కదల్లేదు. ఆవిడకి భయం లేదు. అచ్చు నీలాగే!"

అచ్చు నాలాగే! ఆవిడకి భయం లేదని కాగితం మీద రాసి పంపేస్తారు! మావయ్య గుర్తొచ్చాడు, మిల్లు బెల్టు గుర్తొచ్చింది. అయినా భయపడుతూ ఉండగానే, జీవితంలో మొదటిసారి నా నోరు పెగిలింది. "లేదు మాస్టారూ! ఆవిడకి భయమే. నాకూ భయమే. డబ్బాకీ భయం, కప్పకీ భయం, మీరంటే కూడా భయమేనండీ. మేం కూర్చునేటప్పటికే ముల్లు కొసకెళ్లిపోతోంది, మీరు దాన్ని సున్నా చేసేస్తున్నారు. ఇంకెక్కడికి కదులుతుందండీ? ఆ మర వెనక్కి తిప్పేసి చూడండి!"

మాస్టారు నన్నోసారి, మామ్మనోసారి చూసి, మర వెనక్కి తిప్పారు. ముల్లు పరిగెత్తుకెళ్లి కొసన కొట్టుకుని అక్కడే వణుకుతూ నిలబడింది. సాయిబు గారు నెమ్మదిగా, "వైశాఖంలో చల్లగాలప్పుడే అనుకున్నా" అన్నారు. మాస్టారు ఆయన మాట వినిపించుకోలేదు. ముల్లునే చూస్తూ, "అయితే ఏడాది పొడుగునా ఇంత భయంతోటే వండుకుని తిని, వలలు బాగుచేసుకుంటున్నారా వీళ్లు!" అన్నారు.

"మరి ఏం చెయ్యమంటావు బాబూ" అంది మామ్మ. "ఎవరికి లేదు? ఏదీ, నువ్వు కూడా పెట్టు ఓసారి." మాస్టారు నవ్వి, మొహమాటానికి చెయ్యి పెట్టారు. ముల్లు టప్పుమంది. ఆయన గబుక్కున మర తిప్పి సున్నా పెట్టేసుకున్నారు. వరండా అంతా గొల్లున నవ్వులు. మామ్మ కూడా నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

తిరుగు బస్సులో నేను ఉద్యోగం మీద నీళ్లొదులుకుని కూర్చున్నాను. అవనిగడ్డ దాటాక మాస్టారు కిటికీలోంచి బయటికి చూస్తూ, "రేపు పెందరాళే రా. అన్నీ మళ్లీ మొదట్నించి కొలవాలి" అన్నారు. నా వైపు తిరక్కుండానే, "పాము మూత సాయిబు గారు తీస్తార్లే" అన్నారు. సాయిబు గారు ఉలిక్కిపడ్డారు.

ఇప్పుడు నాకు రక్తపోటు. నెల నెలా ఆస్పత్రికి వెళ్తుంటాను. పట్టీ చుట్టే అమ్మాయి పెట్టె వంక చూసి, "కాసేపు రిలాక్సవండి అంకుల్, మళ్లీ చూద్దాం. భయపడుతున్నారా?" అంటుంది. పడుతున్నానమ్మా అని వెంటనే ఒప్పేసుకుంటాను. మొన్న నా పక్క కుర్చీలో ఓ పెద్దాయన, ఉలుకూ పలుకూ లేకుండా, కొయ్యలా కూర్చుని ఉన్నాడు. "ఈ తాతగారు చూడండి, ఎంత ధైర్యమో" అంది ఆ అమ్మాయి. నా కుర్చీ కాస్త దగ్గరికి జరుపుకుని ఆయన చెయ్యి పట్టుకున్నాను. చల్లగా, చెమటతో తడిసి ఉంది. "ఏం కాదులెండి, నేనున్నాగా" అన్నాను, నేనేదో పెద్ద ధైర్యస్థుణ్ణయినట్టు.