దాపట, ఎలపట

మబ్బు తునక లేని మే నెల మిట్ట మధ్యాహ్నం, మెట్‌పల్లి అంగడి రోడ్డు మీద ఒక బడి బస్సు వైపర్లు ఊపుకుంటూ పోయింది. చూసినవాళ్లంతా నవ్వారు. నవ్వక ఏం చేస్తారు! నడుపుతున్న సదానందం వేయబోయింది కుడి సిగ్నలు. మస్కట్‌లో పద్నాలుగేళ్లు కంపెనీ బస్సు నడిపిన చేయి, అక్కడి అలవాటు కొద్దీ ఎడమ వైపు మీట మీదికి పోయింది. ఇక్కడ ఆ వైపు ఉండేది వైపరు మీట.

అదొక్కటే అయితే పక్కన కూర్చుని పరీక్ష చేస్తున్న బుచ్చిరాములు కూడా నవ్వి ఊరుకునేవాడు. ఆయన ముప్ఫై ఏళ్లు ఆర్టీసీలో స్టీరింగు పట్టి, ఇప్పుడు ఈ బడి బస్సుల బాగోగులు చూస్తున్న పెద్దమనిషి. కానీ కూడలి దగ్గర, ఎడమ పక్క తలుపులో నిలబడ్డ ఆయా మంజుల, "కుడికి, అన్నా, కుడికి!" అని కేకేసింది. సదానందం బస్సును ఎడమకు తిప్పాడు. పసుపు బస్తాల ట్రాలీకి జానెడు దూరంలో బండి ఆగింది.

"ఎడమేదో కుడేదో తెల్వనోని చేతుల పిల్లల పానాలు ఎట్ల పెట్టాలె?" అన్నాడు బుచ్చిరాములు. సదానందం మొహం చూశాక గొంతు తగ్గించాడు. "సోమారం ఇంకోపారి చూస్త. గంతే."

సోమవారం ఈ కొలువు దొరక్కపోతే మంగళవారం మళ్లీ మస్కట్ వీసా కాగితాల మీద సంతకం పెట్టాలి. ఏజెంటు రోజుకు రెండుసార్లు ఫోన్ చేస్తున్నాడు. కూతురు దీపికకు పదమూడేళ్లు, ఆ బడిలోనే చదువు. అది తప్పటడుగులు వేయడం, పాలపళ్లు ఊడడం, సైకిలు మీంచి పడి ఏడవడం, అన్నీ సదానందం ఫోన్లోనే చూశాడు. ఇక చాలనిపించి వచ్చేశాడు. పొద్దున దాన్ని బస్సెక్కించుకుని సాయంత్రం తనతోపాటే ఇంటికి తెచ్చుకోవాలని అతని ఆశ. అంతకు మించి ఏమీ అడగలేదు పాపం.

ఆ సాయంత్రం ఇంటి ముందు కుర్చీలో కూర్చుని, ఎవరివో అరువు తెచ్చుకున్నట్టు తన రెండు చేతుల్నీ చూసుకుంటున్నాడు. దీపిక వచ్చి ఎదురుగా నిలబడింది.

"బాపూ, నేను చెప్త, నువ్వు చెయ్యి లేపు."

పదిసార్లు చెప్పింది. పదిసార్లూ సరైన చేయే లేచింది. "నీకు మంచిగనే తెలుసు! గా సారుకే తెల్వదు" అంటూ వచ్చి అతని ఎడమ పక్కన కూలబడి, గభాల్న "కుడి!" అంది. ఎడమ చేయి లేచింది. తండ్రీ కూతురూ ఆ చేతిని వింతగా చూశారు. దీపిక కుడి పక్కకు మారి "ఎడమ!" అంది. ఈసారి కుడి చేయి లేవబోయి, సిగ్గుపడి దిగింది.

"పిలిచిన దిక్కుకే పోతున్నవ్, బాపూ" అంది దీపిక.

నిజమే. మాటకు అర్థం తెలిసేలోపే, మాట వచ్చిన వైపుకు చేయి పోతోంది. నింపాదిగా ఉంటే సర్దుకుంటుంది. హారన్ల మోతలో అంత తీరిక ఎక్కడిది? రోగమైతే దొరికింది, మందు తెలియదు. సదానందానికి దుఃఖం వచ్చింది.

అతని తల్లి పోశవ్వ ఎడమ పక్క గడప దగ్గర చింతపండు గింజలు తీస్తూ ఇదంతా వింటోంది. తల ఎత్తకుండానే "ఎలపట!" అంది.

కుడి చేయి లేచింది.

"దాపట! ఎలపట! ఎలపట! దాపట!"

ఒక్కటీ తప్పలేదు. నాగలికి కట్టిన జతలో ఎడమ పక్క ఎద్దు దాపట, కుడి పక్కది ఎలపట. సదానందం పన్నెండో ఏట నుంచే ఎడ్ల వెనక నడిచాడు. తన బాపు చేనుగట్టు మీద ఏ మూల నుంచి అరిచినా అతనికి అరిచిన మనిషి గుర్తొచ్చేవాడు కాదు, ఆ పేరున్న ఎద్దే గుర్తొచ్చేది. బాపూ లేడు, ఎడ్లూ లేవు. మాటలు మాత్రం భుజాల్లో భద్రంగా ఉన్నాయి.

"పంతులు చెప్పింది మర్సిపోతివి గని, మీ బాపు నేర్పింది యాడికి పోతది, కొడుకా?" అంది పోశవ్వ.

ఆదివారమంతా సాధన. సదానందం కుర్చీలో కూర్చుని అన్నం పళ్లేన్ని స్టీరింగులా తిప్పాడు. సిగ్నలు చేయి ఏదో మరవకుండా కుడి మణికట్టుకు కొండగట్టు గుడిలో ఇచ్చిన దారం కట్టుకున్నాడు. దీపిక టీవీ గొంతు పెంచి, ఒక పక్క గిన్నెలు మోగించి, ఇంకో పక్క నుంచి కేకలు పెట్టింది. ఇరుగుపొరుగు మాత్రం వీళ్లకు ఎండదెబ్బ తగిలిందనుకున్నారు.

సోమవారం బస్సెక్కగానే మంజులతో అన్నాడు. "చెల్లె, కుడి ఎడమ అనకు. ఎలపట, దాపట అను."

"మా అవ్వగారింట్ల గవే మాటలు, అన్నా" అని నవ్విందామె.

"గిదేం కొత్త భాష?" అన్నాడు బుచ్చిరాములు.

"పాతదే, సారూ."

అదే కూడలి. ఆ రోజు ఎడమ పక్కన పెళ్లి బారాత్. బ్యాండు, పటాకులు, అద్దాల జీను వేసిన గుర్రం. కళ్లు అటే గుంజుతున్నాయి. మంజుల గొంతూ అటునుంచే వచ్చింది.

"ఎలపట, అన్నా!"

దారం కట్టిన చేయి సిగ్నలు వేసింది. వైపర్లు కిక్కురుమనలేదు. బస్సు నింపాదిగా కుడికి తిరిగింది.

బస్సు బడికి తిరిగొచ్చింది. దిగాక బుచ్చిరాములు తాళంచెవులు సదానందం చేతిలోనే ఉంచేసి, "ఎడ్లను తోలినట్టె తోలినవ్ గదరా! గట్లనే తోలు" అన్నాడు.

బడులు తెరిచిన రెండో వారం, సాయంత్రం పిల్లలతో తిరిగొస్తుంటే తొలి వాన పడింది. సదానందం ఆలోచించనే లేదు. ఎడమ చేయి దానంతట అదే పోయి వైపర్లు వేసింది.

"బాపూ! ఇయ్యాల వాన పడ్డంకనే ఏసినవ్!" అని వెనక నుంచి అరిచింది దీపిక. బస్సంతా నవ్వింది, సదానందం అందరికంటే గట్టిగా నవ్వాడు.

అంతలో ఎడమ జేబులో ఫోన్ మోగింది. ఇంకా ఆశ వదలని ఏజెంటే అయి ఉంటాడు. అది మోగి మోగి ఆగిపోయేదాకా సదానందం రెండు చేతులూ స్టీరింగు మీదే ఉన్నాయి.

ఊరి మలుపు వచ్చింది. మంజుల నోరు తెరిచేలోపే పిల్లలంతా "ఎలపట!" అని అరిచారు. సదానందం బస్సును ఇంటి వైపు తిప్పాడు.