సారుకు కనపడని మురుగు

అవసరాన్ని బట్టి నిధులిస్తామని ఎవరైనా అంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. అవసరం ఎంతుందో చూసిందెవరు? ఏ పూట వచ్చి చూశారు?

తెలంగాణ ఉద్యమం రోజుల్లో దిల్‌సుఖ్‌నగర్ రోడ్డు మీద ఊరేగింపు వెళ్తే, మా నిధులు ఎటు పోయాయని మైకులు నిలదీసేవి. నేనూ గొంతు కలిపేదాన్ని. మన్సూరాబాద్‌లో మా గల్లీ అంతా నల్గొండ పల్లెల నుంచి వచ్చినవాళ్లమే. వాన పడితే మోరీ పొంగి మురుగు నీళ్లు మా ముందు గదిలోకి వచ్చేవి. పక్షవాతంతో కదలలేని నాయనమ్మ మంచం అక్కడే. మంచం కోళ్ల కింద ఇటుకలు పెట్టి, వాన ఆగాలని దండం పెట్టుకునేవాళ్లం.

ఒక ఎండాకాలం కబురొచ్చింది. మా గల్లీకి, వెనక గల్లీకి కలిపి ఒక్క డ్రైనేజీకే నిధులున్నాయట. ఎవరికి ఎక్కువ అవసరమో ఇంజనీరు వచ్చి చూస్తాడట. వెనక గల్లీలో ఎక్కువమంది కోస్తావాళ్లు. ఇంకేముంది, అంతా ముందే మాట్లాడేసుకుని ఉంటారనుకున్నాను.

అమ్మ ఆరాటం వేరు. "పెద్దసారు మన గల్లీకొస్తుండు. గిట్ల పెంటపెంట ఉంటే ఇజ్జత్ పోదా?" అంది. తెల్లారకముందే ఆడవాళ్లంతా కలిసి మోరీలో పూడిక తీశారు. గల్లీ ఊడ్చి, పేడనీళ్లతో సాన్పు చల్లి, ముగ్గులు వేశారు. సారు మా ఇంట్లో చాయ్ తాగి, గల్లీ ముచ్చటగా ఉందని మెచ్చుకుని వెళ్లాడు. డ్రైనేజీ వెనక గల్లీకి వచ్చింది.

నేను ఊరుకోలేదు. నాకు చదువు చెప్పిన కోస్తా టీచరమ్మ ఆ గల్లీలోనే ఉండేది. ఆమె గుమ్మం ముందే అడిగేశాను. "మీవాళ్లు మీవాళ్లకే ఇచ్చుకున్నరు గదా టీచర్?"

"అదేం మాటమ్మా! మా వీధిలో ఆయన కాలు బురదలో దిగబడిపోయింది. మేమేమీ కడిగి పెట్టలేదు. మీరేమో పండగలా ముగ్గులేశారు. ఆయనకేం తెలుస్తుంది?"

నేను నమ్మలేదు. ఆ సారుది ఏ జిల్లానో ఇవాళ్టికీ తెలియదు, నా అనుమానం ఇవాళ్టికీ పూర్తిగా పోలేదు. కానీ ముగ్గుల మాట మాత్రం నిజమే.

మొదటి వానకే ముందు గది నిండింది. నీళ్లు తీసేశాక నల్లటి బురద మిగిలింది. అమ్మ చీపురు పట్టుకుంటే నేను లాక్కున్నాను.

"ఉండనియ్యమ్మా. ఫోన్ చేసి సారును పిలుస్త. ఈసారి ఉన్నదున్నట్టు చూడనీ."

అమ్మ ఆగిపోయింది. మంచం మీంచి నాయనమ్మ వంకరపోయిన నోటితో, మెల్లగా అంది. "సారొచ్చేదాంక నన్ను గీ కంపుల్నే పండమంటవా బిడ్డా?"

నేనే ఊడ్చాను.