అత్తగారు కప్పిన తువ్వాలు

మాది విశాఖపట్నం వన్ టౌన్. పోర్టు నుంచి వచ్చే బొగ్గు దుమ్ము పొద్దున తుడిస్తే మధ్యాహ్నానికి మళ్లీ నల్లగా పేరుకుంటుంది. అందుకే మా అత్తగారు ఇంట్లో టీవీ, మిక్సీ, చివరికి నా పెళ్లి ఫోటో, దేన్నీ గుడ్డ కప్పకుండా వదలరు.

పోయిన వేసవిలో ఇంటి నుంచే ఆఫీసు పని చేస్తున్నాను. ఒక మధ్యాహ్నం మంచం మీద మా పాప నిద్రపోతోంది. పక్కనే పరుపు మీద లాప్‌టాప్‌ను ఛార్జింగ్‌లో ఉంచి, మూత వేసినా ఆగకుండా పెద్ద ఫైలేదో డౌన్‌లోడ్ అవుతుంటే భోజనానికి వెళ్లాను.

అన్నం కలుపుతుండగా ప్లాస్టిక్ కాలుతున్న వాసన వచ్చింది. పరుగెత్తాను. లాప్‌టాప్ మీద మడతపెట్టిన తువ్వాలు కప్పి ఉంది. దాని కింద నుంచి పొగ వస్తోంది. పాప చెయ్యి దానికి జానెడు దూరంలో ఉంది. పాపను లాగి, వెనకే వచ్చిన అత్తగారి చేతికిచ్చి, ప్లగ్గు పీకి, తువ్వాలుతో సహా దాన్ని వాకిట్లోకి విసిరేశాను. బ్యాటరీ ఉబ్బి కీబోర్డు పైకి లేచిపోయింది. పరుపు మీద అరచేయంత మేర కాలింది.

"దుమ్ము పడిపోతాదని కప్పినానమ్మా. మూసుంది కదా, లోపల పని సేత్తందని నాకేటి తెల్సు?" అన్నారు అత్తగారు.

"కింద గాలాడకుండా పరుపు మీద పెట్టింది నానే కదత్తా" అన్నాను. ఆవిడ వినిపించుకోలేదు.

పాపకేమీ కాలేదు. లాప్‌టాప్ పోయింది. ఇప్పుడు మా టీవీ మీద గుడ్డ లేదు, దుమ్ము నేనే తుడుస్తున్నాను. ఈ చలికాలంలో పాప పక్కన పడుకునేది అత్తగారే. పాపకు దుప్పటి కప్పడానికి మాత్రం నన్ను పిలుస్తున్నారు.