ట్రాలీ పిన్ను జేబులేసుకున్న యూసుఫ్ భాయ్

నిన్న పొద్దుగాల్ల ఫోన్ మోగంగనే ఎవలికేమైందో అనుకున్న. నేను ఊకెనే భయపడుతనని ఇంట్ల అందరంటరు.

నిన్న ఊకెనే కాలే.

యూసుఫ్ భాయ్ పోయిండట.

యాకుత్‌పురా స్టేషన్ దిక్కు మెకానిక్. మాకు సొంత మనిషి లెక్క. ఇంక నమ్మబుద్ధైతలేదు.

డెబ్బైలల్ల మాట. మా ఆయన పాత ట్రాక్టర్ మీద ఇండ్లకు బండలు తోలేటోడు. ఇంజన్ పట్టేసింది. భాయ్ మొత్తం విప్పి, సిలిండర్లకు బోర్ కొట్టిచ్చి, కొత్త పిస్టన్లు, రింగులేసి మళ్ల కట్టిండు.

మా పొయ్యి వెలగాల్నంటె ఆ ట్రాక్టరొక్కటే. మళ్ల పట్టేస్తె మా గతేంది? నాకు అదే ఫికర్.

స్టార్ట్ చేసిన దినం టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి, కొబ్బరికాయ కొట్టినం. గల్లీ మొత్తం ట్రాలీల ఎక్కి కూసుంది, గుడి దాక పోదమని. మా ఆయన మీసం తిప్పుతుండు.

భాయ్ ఉరికొచ్చిండు.

"ఉతరో సబ్, దిగుండ్రి! లోపల కొత్త రింగులే ఇంక కూసోలే, మీరెట్ల కూసున్నరు?"

ట్రాలీని ట్రాక్టర్‌కు కలిపే పిన్ను గుంజి జేబులేసుకుండు.

నలుగుట్ల ఇజ్జత్ పోయిందని మా ఆయన మస్తు గరమైండు. "ట్రాక్టర్ నాదా, నీదా?"

"ట్రాక్టర్ నీదే అన్నా. పిన్ను నాది. ముందు ఖాళీగ తిప్పు. తర్వాత కొంచెం కొంచెం లోడ్. జోరు చేస్తె మళ్ల పట్టేస్తది."

రోజు పొద్దున్నే వచ్చి, మడ్‌గార్డ్ మీద కూసోని ఆయనతోని తిరిగొచ్చేటోడు. చెవి ఇంజన్ మీదనే. నేను గడపల నిలబడి, పొగొస్తుందా, నీళ్లు మసులుతున్నయా అని అడుగుతుంటి.

"ఇంజన్ సల్లగనే ఉంది భాభీ. నువ్వే గరమైతున్నవ్."

ఆఖరికి ఒకనాడు తానే పిన్ను తెచ్చి ట్రాలీకేసిండు. ఇంజన్ నిలబడ్డది. మా ఇల్లు నిలబడ్డది.

ఇప్పుడు ఆ ట్రాక్టర్ లేదు. మా ఆయన లేడు.

మొన్న ఫోన్ల భాయ్ దమ్ము తీస్తుంటె పిల్లికూతలు వినొచ్చినయ్. పెద్ద దవాఖానకు పో అని మొత్తుకున్న.

"నువ్వు ఫికర్ చెయ్యకు భాభీ" అన్నడు.

చేసిన. చేసి ఏం లాభమైంది?

నాకు గిట్ల చెప్పేటోళ్లల్ల ఆఖరి మనిషి పోయిండు. ఇగ నేను ఎవలనడగాలె, అంత మంచిగనే ఉందా అని?

మెల్లగ పో భాయ్. ఖాళీగ పో. ఇగ నీ మీద ఏ లోడ్ లేదు.

నీ అల్లా నీకు సల్లటి జాగ ఇయ్యాలె.