బలపం తిన్న పంతులమ్మ

నంద్యాలలో ఒక ఆసుపత్రిలో నేను రక్తపరీక్షలు చేసేవాణ్ణి. పందొమ్మిది వందల యాభైల చివరి మాట. అప్పట్లో నాకు ఓపిక తక్కువ, గర్వం ఎక్కువ. మైక్రోస్కోపు చూడటం నా ఒక్కడికే వచ్చునన్న గర్వం.

ఆళ్లగడ్డ నుంచి ఒక పంతులమ్మను ఆమె భర్త బస్సులో తీసుకొచ్చాడు. నాలుగడుగులు వేస్తే ఆయాసం. ఆమె రక్తంలో ప్లేట్‌లెట్లు, అంటే రక్తాన్ని గడ్డకట్టించే చిన్న కణాలు, ఉండాల్సిన దానికి రెట్టింపు కనిపించాయి. నమ్మలేక మళ్లీ లెక్కపెట్టాను. మళ్లీ అంతే.

మా డాక్టరమ్మ ముఖం చిన్నబోయింది. "ఎముకల మూలగ జబ్బయితే రక్తం యాడంటే ఆడ గడ్డకడుతుంది. మద్రాసు పంపాల్సిందే. కానీ ఒంట్లో చీమున్నా, నెత్తురు పోతాన్నా, ఇనుము తగ్గినా కూడా ఇవి పెరుగుతాయి" అని నాతో చెప్పి, భర్త పక్కనుండగానే పంతులమ్మను అడిగింది.

"నెత్తురేమైనా పోతాందా అమ్మా?"

"లేదమ్మా" అందామె, నేలచూపులు చూస్తూ.

డాక్టరమ్మ మద్రాసుకు చీటీ రాస్తుంటే పంతులమ్మ నా గది ముందు బెంచీ మీద కూర్చుంది. కరకరమని చప్పుడైతే తలెత్తి చూశాను. బలపం నములుతోంది! నాకు ఒళ్లు మండింది.

"ఏందమ్మా ఇది? పిల్లోళ్లకు బుద్ధి చెప్పేదానివి, నువ్వే తింటాండావా?"

ఆమెకు కళ్లనీళ్లు తిరిగాయి. "మానుకోలేకుండా ఉండానన్నా. బడిలో పిల్లోళ్ల కాడ పెరుక్కున్నేవి గూడా తింటాండా. నేను సచ్చిపోతే నా బిడ్డలేం గావాల?"

ఇనుము తగ్గినవాళ్లకు మట్టి మీదకీ, బలపం మీదకీ మనసు పోతుందని డాక్టరమ్మ ఎప్పుడో చెప్పింది. లేచి వెళ్లి స్లైడు మళ్లీ చూశాను. ఎర్రకణాలు చిన్నవిగా, పాలిపోయి ఉన్నాయి. ప్లేట్‌లెట్ల మోజులో పడి వాటిని పట్టించుకోనే లేదు. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది నా పని. సిగ్గేసింది.

నేను చెప్పగానే డాక్టరమ్మ, పంతులమ్మ భర్తను బయటికి పంపి, తలుపేసి, మళ్లీ అదే ప్రశ్న అడిగిందట. నాలుగేళ్లుగా నెలనెలా పది దినాలు నెత్తురు పోతూనే ఉంది. మొగుడి ముందు, నా ముందు ఆ మాట ఎట్లా చెప్తుంది పాపం.

నెత్తురు ఆగడానికి మందు, ఇనుము మాత్రలు ఇచ్చి పంపారు. రెండు నెలల తర్వాత వస్తే ప్లేట్‌లెట్లు మామూలుకొచ్చాయి. మద్రాసు ప్రయాణం తప్పింది. వెళ్లేటప్పుడు ఆమె నా దగ్గర ఆగింది.

"నాలుగేండ్లన్నా. ఇంట్లో ఒక్కరూ అడగలే."

ఆ సాయంత్రం ఇంటికెళ్లి, ఒంట్లో ఎట్లుందని నా భార్యను అడిగాను. చేస్తున్న పని ఆపి నా ముఖంలోకి చూసింది.

"ఇన్నేండ్లకా?" అంది.