గాజు కప్పు మీద అన్నయ్య

అన్నయ్య పోయి ఏడాది దాటింది. చెల్లెలికి ఇప్పటికీ ఆయన గుర్తొచ్చేది నేల మీద కాదు, కప్పు మీద. వాలుగా ఉన్న గాజు కప్పు మీద, నడుముకి తాడు, భుజాన గుడ్డలు, మోకాళ్ళ కింద సగం చింపిన గోనెపట్టా.

ఆయన పని గాజు కప్పులు తుడవడం. ఆ మహానగరంలో చిత్రకారుల వీధి అని ఒకటుంది. నూరేళ్ళకు పైగా బొమ్మలు వేసేవాళ్ళూ శిల్పాలు చెక్కేవాళ్ళూ అద్దెకుండి పేరు తెచ్చుకున్న వీధి. సన్నని మేడలు ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి. ప్రతి మేడకీ పై అంతస్తులో ఒక పెద్ద గది, ఆ గదికి ఉత్తరం వైపు వాలుగా గాజు కప్పు. ఉత్తరపు వెలుగు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా పెద్దగా మారదు. బొమ్మ వేసేవాళ్ళకి అది ప్రాణం. ఆ గాజుల మీద దుమ్మూ మసీ పావురాల రెట్టలూ పేరుకోకుండా నలభై ఏళ్ళు చూశాడు అన్నయ్య. ఆయన అసలు పేరు వీధిలో ఎవరికీ అక్కర్లేకపోయింది. తలుపు తీసినవాళ్ళు లోపలికి తిరిగి "వెలుగాయన వచ్చాడు" అనేవారు. అదే పేరైపోయింది.

వదిన మాత్రం ఆ పేరు ఒప్పుకునేది కాదు. ఊళ్ళోవాళ్ళ కప్పులన్నీ తళతళలాడించే మనిషి ఇంట్లో తాను తాగిన గ్లాసు కడిగి పెట్టడని, వెలుగంతా వీధిలో పంచేసి ఇంటికి మసిగుడ్డలు తెస్తాడని దెప్పేది. ఆయన నవ్వేసి ఊరుకునేవాడు.

ఆ పనిలోకి ఆయన అనుకోకుండా వచ్చాడు. ఇరవై ఏళ్ళప్పుడు కప్పులు బాగుచేసే మేస్త్రీ దగ్గర ఉండేవాడు. వడగళ్ళ వానకి ఒక చిత్రకారుడి గదిలో గాజు పగిలితే కొత్తది బిగించి వచ్చాడు. మర్నాడే కబురొచ్చింది. ఆ గాజు ఆకుపచ్చగా ఉందట, బొమ్మలో అమ్మాయి బుగ్గ జబ్బుమనిషి బుగ్గలా కనిపిస్తోందట. మేస్త్రీ విసుక్కున్నాడు, గాజుకి రంగేమిటి, ఆయనకేదో పైత్యం అన్నాడు. అన్నయ్య మాత్రం దుకాణానికి వెళ్ళి గాజు పలకల్ని నిలబెట్టి అంచుల్లోంచి చూశాడు. ఒక్కొక్క అంచులో ఒక్కొక్క పచ్చదనం ఉంది. అన్నిట్లోకీ తెల్లగా ఉన్నదాన్ని ఏరి పట్టుకెళ్ళాడు. చిత్రకారుడు దాని కింద చెయ్యి పెట్టి చూసుకుని ఇది వెలుగు అన్నాడట. ఆ రోజు నుంచి అన్నయ్యకి ఒక నమ్మకం కుదిరింది. బొమ్మలు వేసేవాళ్ళ కన్ను తప్పు చూడదు. వాళ్ళకి ఏదైనా తేడాగా కనిపిస్తే తేడా ఉన్నట్టే.

చెల్లెలు ఆ వీధి చూడటానికి వచ్చేసరికి ఆయనకి అరవై రెండు. పత్రికల్లో ఆ వీధి గురించి చదివి చదివి, సొంత అన్నయ్య అక్కడ తిరుగుతుంటే నేను ఫొటోల్లో చూడాలా అని పోట్లాడి మరీ వచ్చింది. రోడ్డు మీద యాత్రికుల గుంపులు. గోడలకి రాతి పలకలు, ఫలానా చిత్రకారుడు ఇక్కడ ఇన్నేళ్ళు ఉన్నాడని. ఒక వాకిట్లో ప్లాస్టర్ చేతులు, కాళ్ళు, ఒక సగం మొహం ఎండకి ఆరుతున్నాయి. పటాలు కట్టే దుకాణం ముందు చెక్కపొట్టు వాసన. మెట్ల మీద ఎవరెవరివో రంగుచుక్కలు, తుడిచినా పోనివి.

అందరూ గోడల మీది పేర్లు చదువుతుంటే అన్నయ్య వేలు పైకి చూపించేవాడు. ఈయన గొప్పవాడే, కాదనను, కానీ చుట్టల పొగంతా గాజుకి లోపలి వైపు పట్టించేవాడు, గీకలేక చచ్చేవాళ్ళం. ఆ ఎదురింటాయన పావురాలకి గింజలు వేసేవాడు, ఆయన దయాగుణం నా మెడకి చుట్టుకుంది. ఇలా చెప్పుకుంటూ పోతుంటే యాత్రికుల్లో నలుగురు దారి చూపించే తమ మనిషిని వదిలేసి ఈయన వెనక పడ్డారు. చెల్లెలికి గర్వం పొంగింది. వీధి మొత్తాన్ని పైనుంచి ఎరిగిన మనిషి తన అన్నయ్యే.

అప్పుడే చెప్పాడు, ఈ నెలాఖరుతో నిచ్చెన దించేస్తానని.

"అదేం, ఒంట్లో బాగాలేదా?"

"ఒళ్ళు బాగానే ఉందమ్మాయ్. చెయ్యి పోయింది."

సంగతేమిటంటే, ఒక మేడలో పైనున్న మూడో అంతస్తు అమ్మగారు. డెబ్బై దాటిన చిత్రకారిణి, ఆ వీధిలో పాతతరంలో మిగిలింది ఆవిడొక్కరే. రెండు నెలలుగా కప్పు మురికిగా, పసుపుగా ఉందంటున్నారు. ఈయన మళ్ళీ తుడిచాడు. గుడ్డలు మార్చాడు, గోరువెచ్చని నీళ్ళలో వెనిగర్ వేసి కడిగాడు, వార్తాపత్రిక ముద్దచేసి రుద్దాడు. చివరికి గాజుల చుట్టూ ఉన్న పుట్టీ కూడా గీకి కొత్తది పెట్టాడు. పసుపుగానే ఉందన్నారు. ఆవిడ మాటకి వీధిలో విలువెక్కువ. వెలుగాయన చెయ్యి తేలిపోయిందని కింద అంతస్తులవాళ్ళు అనుకోవడం మొదలుపెట్టారు. ఒకాయన అప్పుడే తన కిటికీ అద్దాలకి వేరే మనిషిని పిలిపించుకున్నాడు.

"నీ కంటికెలా ఉంది, మురిగ్గా ఉందా?" అనడిగింది చెల్లెలు.

"నా కన్నెవడిక్కావాలి? ఆవిడ కంటికి ఉంది కదా."

చెల్లెలు తానూ చూస్తానని వెంటపడి పైకెక్కింది. గది నిండా కాన్వాసులు, మధ్యలో మోడళ్ళు కూర్చునే చెక్క అరుగు. అమ్మగారు సన్నగా, నిటారుగా ఉన్నారు. వీళ్ళని చూడగానే కప్పు వైపు బ్రష్ ఎత్తి, టీనీళ్ళలోంచి చూస్తున్నట్టుంది, ఇంత పాడుచేశావేమయ్యా అన్నారు. అన్నయ్య తలవంచుకుని చూస్తానమ్మగారూ అన్నాడు. చెల్లెలికి ఒళ్ళు మండింది. తలెత్తి చూస్తే గాజులు కడిగిన ముత్యాల్లా ఉన్నాయి, మబ్బు ముక్క అంచులతో సహా కనిపిస్తోంది. ఏదో ఒకటి అనబోయి స్టాండు మీది బొమ్మ చూసి ఆగిపోయింది. తీగ మీద ఆరేసిన దుప్పటి బొమ్మ. గాలికి ఉబ్బిన తీరు, మడతలు, అచ్చం పట్టుకుని తీసెయ్యొచ్చు అన్నట్టుంది. కానీ ఆ దుప్పటి తెల్లగా లేదు. లేత నీలంగా ఉంది.

మెట్ల మలుపులో అన్నయ్య చెయ్యి పట్టుకుని ఆపింది. ఆవిడ వేస్తున్నది తెల్ల దుప్పటేనా అని అడిగింది. అవును, తెలుపు వెయ్యడంలో ఆవిడని మించినవాళ్ళు లేరన్నాడు.

"అయితే నీ చెయ్యి పోలేదన్నయ్యా. ఆవిడ కంట్లో శుక్లాలున్నాయి. తెలుపు పసుపుగా కనిపిస్తోంది, అందుకే నీలం కలుపుతున్నారు. నాకు పోయినేడు ఇలాగే కాలేదూ? బట్టలు పసుపుగా ఉతుకుతోందని మా కోడల్ని ఏడిపించుకు తిన్నాను. ఈ ఊరి ఆసుపత్రిలోనే ఆపరేషనయ్యి, కట్టు విప్పాక ఇంటికెళ్ళి చూద్దును కదా, ఇంట్లో దుప్పట్లన్నీ మల్లెపూలు."

"కోడలికి తప్పయిందని చెప్పావా?"

"చెప్పలేదు. అప్పట్నుంచి నా బట్టలు నేనే ఉతుక్కుంటున్నాను."

అన్నయ్య నవ్వలేదు. మెట్టు మీద కూర్చుండిపోయాడు. తన చెయ్యి బాగున్నందుకు సంతోషిస్తాడనుకుంది చెల్లెలు. ఆయన మొహంలో ఆ జాడే లేదు.

"నా చెయ్యి పోయిందంటే ఇంకో చెయ్యి వస్తుంది. ఆవిడతో వెళ్ళి అమ్మా నీ కన్ను పోయిందని ఏ నోటితో చెప్పను? ఆవిడకి ఉన్నదే అది."

"చెప్పకపోతే నిజంగానే పోతుంది."

ఇంటికి వెళ్తున్నంతసేపూ ఎలా మొదలుపెట్టాలో తనలో తాను అనుకుంటూనే ఉన్నాడు, ఏ వాక్యమూ కుదరలేదు.

మర్నాడు పొద్దున్నే చెల్లెల్ని గదిలో ఉంచి తాను పైకెక్కాడు. ఒక గాజు పలక విప్పి కిందికి తెచ్చి ఆవిడ చేతుల్లో పెడదామని, పనివాడు తన పని చూపించుకున్నట్టుంటుంది కదా, మిగతాది ఆవిడకే తెలుస్తుందని ఆయన ఆలోచన. అరుగుకి సరిగ్గా పైన, వాలు చేతికందేలా దిగినచోట ఉన్న పలకకి పుట్టీ గీకి, నాలుగు మరలు విప్పి, దాన్ని రెండు చేతులతో పైకి లేపాడో లేదో, అమ్మగారు రోజూ కంటే ముందే వచ్చేశారు. వస్తూనే చప్పుడు విని అరుగెక్కి తలెత్తారు.

"మళ్ళీ అదే వరస. ఇదిగో, ఈ నెత్తి మీదిది. పక్కవాటిలాగే పసుపు కొట్టుకుపోయి ఉంది. దీన్ని అసలు ముట్టుకున్నావా నువ్వు?"

పైనుంచి అన్నయ్య తల వంచి చూశాడు.

"అమ్మగారూ, ఆ గాజు నా చేతిలో ఉందండి."

ఆవిడ కదల్లేదు. పైనుంచి గాలి దిగి నుదుటి మీది తెల్లవెంట్రుకల్ని లేపింది. ఆవిడ మెల్లగా చెయ్యెత్తి ఆ ఖాళీలోంచి బయటికి పెట్టారు. మణికట్టు దాకా. వేళ్ళు విప్పి, ముడిచి, మళ్ళీ విప్పారు. పైన అన్నయ్య గాజుని గుండెకి ఆనించుకుని కళ్ళు మూసుకున్నాడు.

చెయ్యి దించి ఆవిడ చెల్లెలి వైపు తిరిగారు.

"ఆ దుప్పటి నీకు ఏ రంగులో కనిపిస్తోందమ్మా? నా మొహం చూడకు, దాన్ని చూసి చెప్పు."

"లేత నీలమండి."

ఆవిడ తల పంకించారు. మొహం ఒక్క క్షణం పసిపిల్ల మొహంలా అయిపోయింది, అంతలోనే సర్దుకుంది. చెల్లెలు తన శుక్లాల సంగతీ కోడలి సంగతీ ఉన్నదున్నట్టు చెప్పింది. కోడలి దగ్గరికి వచ్చేసరికి ఆవిడ పెదవి కొంచెం కదిలింది కూడా. మీ డాక్టరు ఎన్నింటికి వస్తాడని అడిగారు. పదింటికి అంది చెల్లెలు. అయితే పద, అని ఆవిడ శాలువా కప్పుకున్నారు.

మెట్లు దిగుతూ చెల్లెలి భుజం పట్టుకున్నారు. తిన్నగా కిందికి వెళ్ళిపోతారనుకుంది చెల్లెలు. ఆవిడ రెండో అంతస్తులో ఆగి తలుపు కొట్టారు. వేరే మనిషిని పిలిపించుకున్న చిత్రకారుడు చేతిలో బ్రష్‌తో బయటికొచ్చాడు.

"వెలుగాయన చెయ్యి బాగానే ఉంది. పోయింది నా కన్ను. పొరపాటు మాట చెప్పాను."

ఆయన ఏదో ఓదార్పు అనబోయాడు. ఆవిడ వినడానికి ఆగలేదు. మొదటి అంతస్తులో ఇద్దరు శిల్పులకి, కింద పటాలు కట్టే ఆయనకి, అక్కడ బేరమాడుతున్న ముక్కూ మొహం తెలియని మనిషికి కూడా, ఒక్క అక్షరం మార్చకుండా అదే మాట చెప్పారు. చెల్లెలు జీవితంలో చాలామంది గొప్పవాళ్ళ పేర్లు గోడల మీద చదివింది. తప్పు ఒప్పుకోవడానికి నాలుగు తలుపులు కొట్టినవాళ్ళని మాత్రం ఆ ఒక్కసారే చూసింది.

పైన అన్నయ్యకి ఇవేవీ వినిపించలేదు. ఆయన గాజు పలకని మళ్ళీ చట్రంలో కూర్చోబెట్టి మరలు బిగిస్తున్నాడు.